బూరుగు కొమ్మకు పన్నెండే అచ్చులు

సరోజినీ నగర్, ఢిల్లీ
22 ఫిబ్రవరి 2005

నీ బూరుగు కొమ్మ బొమ్మలన్నీ అమ్ముడైపోయాయి తల్లీ! అన్నీ! మీ అమ్మకి ఇచ్చినది తప్ప ఒక్కటి కూడా మిగల్లేదట!

ముందు ఆశీస్సులు రాసి తర్వాత సంగతులు రాయాలని నాకూ తెలుసు. పట్టలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను: చిరంజీవి శ్రీవల్లికి మీ నాన్న పాపయ్య వెయ్యి దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, అన్నయ్యా కులాసా. నీ గదిలో బల్ల మీద దుమ్ము పడకుండా నేనే తుడుస్తున్నాను. నీ ఉలులు ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

పొద్దున్నే వసంత్ కుంజ్ గ్యాలరీ నుంచి ఇషిత మేడమ్ ఫోన్ చేసింది. మీ అన్నయ్య రఘువీర్ ఆఫీసుకి బయల్దేరుతూ ఒక కాలికి బూటు వేసుకుని ఫోన్ ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే "అచ్ఛా! సబ్ కే సబ్?" అంటూ గోడకి ఆనుకున్నాడు. ఫోన్ లాక్కున్నాను. నా హిందీతో ఆవిడా, ఆవిడ ఇంగ్లీషుతో నేనూ తంటాలు పడ్డాం గానీ, ఒక్క ముక్క మాత్రం బాగా తెలిసింది. ఏప్రిల్లో నీ ఒక్కదాని బొమ్మలతోనే ప్రదర్శన పెడతారట. ఆ హాలంతా నీ బొమ్మలేనట! అమ్మా, నేను పెడనలో ఇరవై ఏళ్లు దుప్పట్ల మీద అచ్చులు వేశాను. ఆ దుప్పటి కప్పుకున్నవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఇది ఎవరు వేశారని అడిగిన పాపాన పోలేదు. నీ పేరు గోడ మీద రాస్తారట!

పక్క క్వార్టర్ సదాశివరావు గారు నా కేకలకి బనీనుతోనే వచ్చేశారు. "ఏమిటండీ పాపయ్య గారూ, అబ్బాయికి ప్రమోషనా?" అన్నారు. "అబ్బాయికి కాదండీ, అమ్మాయికి!" అన్నాను. కూరగాయల భయ్యాకి కూడా చెప్పాను. వాడికి ఏం అర్థమైందో గానీ కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చాడు. మీ అమ్మ వంటింట్లోకి వెళ్లి రవ్వకేసరి చేసింది, అందులో పంచదార రెండుసార్లు వేసింది. అదే ఆవిడ సంతోషం.

ఈ కబురు పెడనలో మీ పెద్దత్త జానకమ్మకీ, మా తమ్ముడు ధర్మయ్యకీ, బెజవాడలో లీలావతి పిన్నికీ, ఇంకా మనవాళ్లందరికీ చెప్పాలి. వట్టి కార్డు ముక్క రాసి పడేస్తే నాకు తృప్తి ఉండదు. నాకో ఆలోచన వచ్చింది. చూస్తూ ఉండు!

అక్కడ చలికి చెవులు కప్పుకో. మఫ్లర్ పెట్టెలో అడుగున పెట్టావేమో, పైకి తీసుకో.

ఆనందం పట్టలేకుండా ఉన్న
మీ నాన్న


పాలంపూర్ దగ్గర
1 మార్చి 2005

నాన్నకి,

నీ ఉత్తరం చదివి మా చెక్కపని షెడ్డులో గట్టిగా అరిచాను. ఇక్కడ నలుగురం పని నేర్చుకుంటున్నాం. మిగతా ముగ్గురూ నా వేలు తెగిందనుకుని పరిగెత్తుకొచ్చారు. కింద పోస్టాఫీసు పక్క కొట్లో ఉన్న ఒక్క ఫోనూ మంచు పడ్డప్పటి నుంచీ మూగబోయింది. లేకపోతే మీ అందరితో మాట్లాడి ఉండేదాన్ని.

ఇక్కడ కొండల మీద బురాన్ష్ పూలు మొదలయ్యాయి. మన బూరుగు పువ్వంత ఎర్రగా ఉంటాయి గానీ గుత్తులు గుత్తులుగా పూస్తాయి. వాటిని చెక్కాలంటే ఇంకా భయంగా ఉంది. దేవదారు కొమ్మ ఒకటి మొదలుపెట్టాను. మూడుసార్లు పాడుచేశాను.

నాన్నా, ఒక్క సంగతి. బూరుగు కొమ్మ బొమ్మ చెక్కిన అచ్చు చెక్క నా మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంది. దాన్ని ఎవరూ బయటికి తీయకండి. కాగితం మీద వేసే మా అచ్చుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎన్ని తీస్తామో ముందే మాటిస్తాం. అవి తీశాక చెక్క మీద ఉలితో అడ్డంగా గీత కొట్టేస్తాం, ఇంకెవరూ ఇంకొకటి తీయకుండా. నేను పన్నెండు అని మాటిచ్చాను. బయల్దేరే ముందే గీత కొట్టాల్సింది. ఉలి పట్టుకుని కూర్చున్నాను గానీ బొమ్మలోని ఆ గోరింక నా వైపే చూస్తున్నట్టనిపించి పెట్టెలో పెట్టేశాను. వచ్చాక కొడతాను. అందాకా అది అక్కడే ఉండాలి.

అమ్మ కేసరి నాకు లేకుండా తినేశారు. గుర్తుపెట్టుకుంటాను.

మీ
శ్రీవల్లి


సరోజినీ నగర్, ఢిల్లీ
2 మార్చి 2005

బంగారు తల్లీ శ్రీవల్లీ,

నా ఆలోచన ఏమిటో ఇప్పుడు చెబుతున్నాను, కూర్చుని చదువు. నీ బొమ్మని మనవాళ్లందరి ఇళ్లకీ పంపించాను!

నీ మంచం కింద ట్రంకు పెట్టెలో బూరుగు కొమ్మ చెక్క కనపడింది. తీసి ఒళ్లో పెట్టుకుంటే కళ్లు చెమర్చాయి. ఎంత సన్నటి పనమ్మా! ఆ గోరింక ముక్కు పువ్వులోకి దూరిన చోట వెంట్రుకంత గీత కూడా చితకలేదు. నీ సిరా గొట్టం సగం ఉంది. దరియాగంజ్ వెళ్లి మంచి కాగితం తెచ్చాను. నువ్వు రోలరు తిప్పడం, చెక్క మీద కాగితం పరిచి వీపున రుద్దడం తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ణి కదా. అలాగే చేశాను. రుద్దడానికి మీ అమ్మ చెక్క గరిటె తీసుకున్నాను. ఆవిడ "ఆ గరిటె పప్పుదండీ!" అని గోల. "ఈవేళ పప్పు మానెయ్" అన్నాను.

మొదటి రెండూ మసి ముద్దలయ్యాయి. తర్వాత చెయ్యి కుదిరింది. కాగితం ఎత్తగానే కొమ్మా, పూలూ, పిట్టా ఒక్కసారి కనపడ్డప్పుడు నాకు మళ్లీ పాతికేళ్లు వచ్చాయి తల్లీ. ఎన్నేళ్లయింది చెక్క ముట్టుకుని!

పద్ధతి ఏమీ తప్పలేదు. మీ అమ్మకిచ్చిన బొమ్మ కింద నువ్వు పెన్సిల్‌తో 7/12 అని వేశావు, అంటే డిసెంబరు ఏడున వేశావన్నమాట, ఆ చలి నాకు గుర్తుంది. నేను కూడా పెన్సిల్‌తోనే అన్నింటి మీదా 26/2 అని తారీఖు వేసి, పక్కన నీ పేరు ముచ్చటగా రాశాను. గొట్టాల్లా చుట్టి రిజిస్టరు పోస్టులో పంపాను. ఒకటి సదాశివరావు గారికిచ్చాను. ఆయన మురిసిపోయి ఆఫీసులో తన కుర్చీ వెనక గోడకి పెట్టుకుంటానన్నారు. అక్కడికి ఎంతమంది పెద్దవాళ్లు వస్తారో! అందరూ నీ పేరు చూస్తారు.

ఇంకా సిరా ఉంది. నీకు కావలసిన వాళ్లుంటే చెప్పు, వేసి పంపిస్తాను.

గర్వంతో
మీ నాన్న


పాలంపూర్ దగ్గర
14 మార్చి 2005

నాన్నా,

ఏం చేశావు నాన్నా నువ్వు?

నీ ఉత్తరమూ, ఇషిత మేడమ్ ఫోనూ ఒకే రోజు వచ్చాయి. కొట్టు ఫోను ఇప్పుడే బాగైంది, అక్కడ ఇంతమంది సరుకులు కొనుక్కుంటుంటే ఆవిడ నన్ను అడిగింది, "శ్రీవల్లీ, బూరుగు కొమ్మ ఛబ్బీస్ బటా దో అంటే ఏమిటి? రెండింటిలో ఇరవై ఆరోదా?" అని. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత నీ ఉత్తరం విప్పాను.

7/12 అంటే తారీఖు కాదు. పన్నెండింటిలో ఏడోది అని. పన్నెండే అని నా చేతులతో రాసిచ్చాను. కొన్నవాళ్లు బొమ్మనొక్కదాన్నే కొనలేదు, ఆ మాటని కూడా కొన్నారు. ఇప్పుడు పెడన నుంచి బెజవాడ దాకా నా పేరుతో, నేను వేయని బొమ్మలు, నేను చేయని సంతకాలు!

మీ నాన్న కాపీలు వేసి అమ్ముతున్నాడట అంది మేడమ్. నిజం చెప్పు. ఎన్ని అమ్మావు? ఎవరికి?

ఆవిడ షరతు పెట్టింది. ఏప్రిల్ పదో తేదీలోపు ఆ కాపీలన్నింటికీ లెక్క తేలాలి. గీత కొట్టిన చెక్కని ఆవిడకి చూపించాలి. లేకపోతే ఆహ్వానం కార్డు ప్రెస్సుకి వెళ్లదు, ప్రదర్శన ఉండదు. నేనిక్కడ పని మధ్యలో వదిలేసి రాలేను. ఆ చెక్క మీద మీరే గీత కొట్టండి. మూల నుంచి మూలకి, లోతుగా. ఉలి నల్ల గుడ్డలో చుట్టి ఉంది.

నేను తీయొద్దని రాశాను. నా ఉత్తరం అందేలోపే నువ్వు పని కానిచ్చేశావు. కానీ ఒక్క మాట అడగాలని కూడా నీకు తోచలేదా?

శ్రీవల్లి


సరోజినీ నగర్, ఢిల్లీ
21 మార్చి 2005

చి. శ్రీవల్లికి,

అమ్మానా? నేను? నీ బొమ్మని?

ఈ మాట రాసేటప్పుడు నీ పెన్ను ఆగలేదా అమ్మా? ఒక్క పైసా ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు. రిజిస్టరు పోస్టు ఖర్చులు కూడా నా పెన్షన్లోవే. మీ అమ్మ నీ ఉత్తరం చదివి రెండు పూటలు నాతో మాట్లాడలేదు, అదేదో నేనే నిజంగా అమ్మినట్టు!

అసలు జరిగింది విను. ఆ బొమ్మ కొన్నవాళ్లలో ఒకాయన సదాశివరావు గారి పైఆఫీసరు, జాయింట్ సెక్రటరీ. నాలుగో నంబరు ఆయనదట. వసంత్ కుంజ్‌లో తన ఇంటికొచ్చిన ప్రతివాడికీ "ఇలాంటివి లోకంలో పన్నెండే" అని చూపించుకుంటున్నాడట. ఆయన ఏదో ఫైలు కోసం సెక్షన్లోకి వచ్చి, సదాశివరావు గారి కుర్చీ వెనక అదే కొమ్మా, అదే పూలూ, అదే గోరింకా చూశాడు. "యే కహాఁ సే ఆయా?" అని గర్జించాడట. ఈయన లేచి నిలబడి "మా పక్కింటాయన ఇచ్చారు సర్, ఆయన కూతురే వేసింది" అన్నారట, పాపం గర్వంగానే. ఆయన మొహం ఎర్రబడిపోయిందట, అక్కడి నుంచే గ్యాలరీకి ఫోన్ కొట్టాడట. మర్నాడే సదాశివరావు గారి కుర్చీని కిటికీ లేని గదిలోకి మార్చారు!

నాకు చెప్పు. ఆ ఆఫీసరుకి కోపం నా అచ్చు మీదనా, సదాశివరావు గారి గోడ మీదనా? పెద్దవాళ్ల ఇళ్లల్లో ఉంటే అది గొప్ప బొమ్మ, పదమూడోది క్లర్కు వెనక వేలాడితే పాడైపోయిందా? నీ బొమ్మలో ఒక్క పువ్వయినా రాలిందా?

నేను ఊరుకోలేదు. రఘువీర్‌ని లాక్కుని గ్యాలరీకి వెళ్లాను. ఏసీ హాలు. నా చెప్పులు బయట విప్పబోతే వాచ్‌మన్ వద్దన్నాడు. ఇషిత మేడమ్ "ఆయియే అంకుల్‌జీ, బైఠియే, పానీ పీజియే" అంది. కూర్చున్నాను. నీళ్లు మాత్రం తాగలేదు.

"మేడమ్, నేనేం దొంగతనం చేశాను? నా కూతురి చెక్క, నా చెయ్యి, నా కాగితం" అన్నాను.

"కాగితం సంగతి కాదు అంకుల్‌జీ, భరోసా సంగతి. పన్నెండే అని చెప్పి ఇచ్చాం" అంది.

గోడ మీద కార్డు ఉంది. ప్రకృతిని చూసి చేసిన చేతి అచ్చులు అని దాని అర్థమట, రఘువీర్ చదివి చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ప్రకృతిని చూసి చేసిందని మీరే రాసుకున్నారు. మా క్వార్టర్ల వెనక బూరుగు చెట్టు ఉంది, వచ్చి చూడండి. పన్నెండు పూలు పూసి, ఇక చాలు, ఎక్కువైతే విలువ పోతుంది అని ఆగిందా? స్కూటర్ల మీదా, చెత్తబండి మీదా, ఆరేసిన చీరల మీదా రాలుస్తోంది. ఈ పువ్వు జాయింట్ సెక్రటరీకి, ఈ పువ్వు క్లర్కుకి అని వాటా వేస్తోందా?" అన్నాను. హిందీలోనే అన్నాను. ఎక్కడ నుంచి వచ్చిందో ఆ హిందీ!

రఘువీర్ బల్ల కింద నా కాలు తొక్కాడు. తొక్కితే తొక్కనీ. ఆవిడ "చెట్టు ఎవరికీ మాటివ్వలేదు అంకుల్‌జీ. మీ బేటీ ఇచ్చింది" అంది. ఎంత పొగరు! లేచి వచ్చేశాను.

ఇక చెక్క మీద గీత కొట్టమన్నావు. నా వల్ల కాదు. పెడనలో అరిగిపోయిన చెక్కని కూడా మేం పారేయలేదు. దసరాకి కడిగి, పసుపు రాసి, కొత్త చెక్కల పక్కన కూర్చోబెట్టేవాళ్లం. ఒకప్పుడు అన్నం పెట్టింది కదా అని. నా చేతులతో నీ చేతిపనికి అడ్డంగా ఉలి పెట్టమంటావా? నీకే చేతులాడలేదని రాశావే! నీకు ఆడనిది నాకు ఆడుతుందా?

కాపీలు వెనక్కి ఇమ్మని మాత్రం అందరికీ ఫోన్లు చేశాను, నీ కోసం. జానకమ్మ అక్కయ్య ఏం జవాబు చెప్పిందో తెలుసా? "మేనకోడలి చేతిపని, మైదాపిండి జిగురుతో దేవుడి గూటి పక్కన గోడకి అంటించాను. కావాలంటే గోడ పట్టుకుపో" అని. లీలావతి పిన్ని "ఇచ్చింది తిరిగి అడిగే వంశమా మనది?" అంది. నలుగురిలో నా తల ఎంత ఎత్తుకి లేచిందో అంత కిందికి దిగింది.

నీకు కోపంగా ఉంటే ఉండు. కానీ అమ్మానని మాత్రం అనకు.

మీ నాన్న


పాలంపూర్ దగ్గర
29 మార్చి 2005

నాన్నకి,

అమ్మావని అడగడం తప్పు. ఆ మాట మేడమ్ నోటి నుంచి విని నీ మీద పడేశాను. కోపంలో అడిగానని చెప్పుకోను. కోపంలోనైనా నిన్ను అడగాల్సిన మాట కాదది. అమ్మకి ఇది చూపించు.

సదాశివరావు అంకుల్ సంగతి విని నాకూ ఒళ్లు మండింది. ఆ ఆఫీసరు విషయంలో నువ్వన్నదే నిజం. ఆయనకి కావలసింది బొమ్మ కాదు, ఇంకొకరి దగ్గర లేకపోవడం. నేను వచ్చాక అంకుల్ దగ్గరికి వెళ్లి దణ్ణం పెట్టి వస్తాను.

కానీ చెక్క విషయంలో నీ మాట వినను నాన్నా. ఆ ఆఫీసరు కోసం కాదు, మేడమ్ కోసం కూడా కాదు.

నా చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా నువ్వు పెడన కబుర్లు చెప్పేవాడివి. మామిడి పిందెల అంచు గుర్తుందా? దుప్పటి చుట్టూ అవే పిందెలు. షావుకారు చెక్క ఇచ్చాడు, నువ్వు వేశావు. పాతికేళ్లొచ్చినా అవే, పెళ్లైనా అవే. నిద్రలో కూడా కుడిచెయ్యి లేచి మంచం పట్టె మీద పడేదని అమ్మ అనేది. "ఆ పిందె పండితే చూడాలని ఉండేది, ఒక్కటీ పండలేదు" అన్నావు. నువ్వు ఢిల్లీలో ప్రభుత్వ ఎంపోరియం ఉద్యోగంలోకి వచ్చింది జీతానికి కాదు, ఆ పిందె దగ్గర నుంచి పారిపోయి వచ్చావు. ఇది నేను కల్పించింది కాదు, నీ నోటితో నువ్వు చెప్పిందే.

బూరుగు కొమ్మ అందరికీ నచ్చింది. అందుకే భయం. చెక్క బతికి ఉన్నంతకాలం అందరూ అదే అడుగుతారు. మేడమ్ రేపు ఇంకో పన్నెండు అంటుంది. నువ్వు ఇంకో అత్తయ్యకి అంటావు. నేను కూడా కాదనలేను. అరవై ఏళ్లొచ్చినా నేను ఆ గోరింకనే వేస్తూ ఉంటాను.

చెట్టుని సాక్ష్యానికి పిలిచావు కదా, సరే, ఆ చెట్టునే అడుగుదాం. ఇప్పుడు వెళ్లి దాని కింద నిలబడు. పూలన్నీ రాల్చేసి ఉంటుంది. కొమ్మలు ఖాళీ అయ్యాకే అది ఆకులేస్తుంది. పాత పువ్వుని పట్టుకుని వేలాడితే దానికి ఆకు ఎక్కడిది? నన్ను ఆకులు వేయనివ్వు నాన్నా.

నా చేతులు ఆడలేదని రాశాను, నిజమే. నాకంటే నీ చెయ్యి గట్టిది. అందుకే అడుగుతున్నాను.

వెనక్కి ఇవ్వని వాళ్ల దగ్గర గొడవ పెట్టుకోకు. అత్తయ్య గోడ అక్కడే ఉండనీ. వాళ్లందరికీ ఒక్కటే చెప్పు: కింద ఉన్న నా పేరూ, ఆ అంకెలూ రబ్బరుతో చెరిపేసి, "పాపయ్య వేసిన అచ్చు" అని రాయమను. అది అబద్ధం కాదు కదా. మేడమ్‌కి ఆ లెక్క చాలని ఫోన్లో ఒప్పించాను. ఇక మిగిలింది చెక్కే.

దేవదారు కుదిరింది. నాలుగోసారికి.

నీ
శ్రీవల్లి


సరోజినీ నగర్, ఢిల్లీ
8 ఏప్రిల్ 2005

నీ ప్రదర్శన ఖాయమైంది తల్లీ! కార్డు ప్రెస్సుకి వెళ్లిపోయింది! ఏప్రిల్ ముప్పై, శనివారం సాయంత్రం!

ఇదిగో, మళ్లీ ఆశీస్సులు వెనకబడ్డాయి. దీర్ఘాయుష్మతీ భవ. అమ్మా, అన్నయ్యా బాగున్నారు. నేను బాగున్నానో లేదో ఇది చదివి నువ్వే చెప్పు.

గీత కొట్టేశాను.

ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు. అది తప్పేనని ఇప్పటికీ అంటాను, నీ ప్రదర్శనలో నిలబడి కూడా అంటాను. మామిడి పిందె మాట ఎత్తి నా నోరు కట్టేశావు. తండ్రి చెప్పిన కబుర్లు దాచిపెట్టుకుని తండ్రి మీదికే తెస్తారా ఎవరైనా? నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ బూరుగు చెట్టు దగ్గరికి వెళ్లాను, నీ మాట తప్పని తేల్చి పట్టుకొద్దామని. ఒక్క పువ్వు లేదు. కాయలు పగిలి దూది ఎగురుతోంది. ప్రతి కొమ్మ చివరా వేలి గోరంత ఆకు. ఆ చెట్టు మీద కూడా కోపం వచ్చింది నాకు. ఇన్నాళ్లూ నా తరఫున మాట్లాడి, చివరికి నీ పక్షానికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి స్నానం చేసి, చెక్కకి పసుపు రాసి, బొట్టు పెట్టాను. నువ్వు నవ్వినా సరే. వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను. మీ అమ్మ చెక్క కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. పై మూల నుంచి మొదలుపెట్టాను. కొమ్మ దాటాను, రెండు పూలు దాటాను. గోరింక దగ్గరికి వచ్చేసరికి ఉలి నిలిచిపోయింది. పక్క నుంచి తిప్పుకుని పోదామని చూశాను.

మీ అమ్మ నా మొహం చూసి, "పిట్ట మీద నుంచే పోనివ్వండి. దాన్ని వదిలేస్తే రేపు మళ్లీ నా పప్పు గరిటె తీస్తారు" అంది.

పోనిచ్చాను. అంతే.

మేడమ్‌కి చూపించడానికి గీత పడ్డ చెక్కతో ఒక్క అచ్చు తీయాలన్నాడు రఘువీర్. తీశాను. కొమ్మకి అడ్డంగా తెల్లటి దారి, మెరుపు దిగినట్టు. అదీ చెక్కా పట్టుకుని వెళ్లాను. ఈసారి నీళ్లిస్తే తాగాను. ఆవిడ ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. వచ్చి ఏమందో తెలుసా? "అంకుల్‌జీ, దీన్ని గుమ్మంలో అందరికంటే ముందు వేలాడదీస్తాం" అంది!

"పాడు చేయమన్నదీ మీరే, పాడైనది బాగుందన్నదీ మీరే! మీకు ఒక మాట మీద నిలబడడం రాదా మేడమ్?" అని గట్టిగా అనేశాను. ఆవిడ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. వేలాడదీయాలో వద్దో నా కూతురు చెప్పాలన్నాను. నువ్వు చెప్పు. అమ్మకానికి మాత్రం కాదు, ముందే చెబుతున్నాను.

దాని కింద 1/1 అని వేయమంది. జనవరి ఒకటిన వేయలేదమ్మా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఒకటిలో ఒకటి. వేశాను. పేరు దగ్గర నాది రాయమన్నారు. ఇంత వయసొచ్చాక నేను వేసిన దాని కింద నా పేరు రాయడం ఇదే. 'య్య' సరిగ్గా రాలేదు, ఏమనుకోకు.

సదాశివరావు గారు తన బొమ్మని ఆఫీసు నుంచి తెచ్చేసి ఇంట్లో టీవీ పైన పెట్టుకున్నారు. నీ పేరు చెరిపి నా పేరు రాయబోతే, "జాగ్రత్తండీ పాపయ్య గారూ, రేపు మీరు కూడా పెద్దవాళ్లైపోతే మా ఇంట్లో ఉంచనివ్వరేమో" అన్నారు. ఆయనకి ఇంకా కిటికీ ఇవ్వలేదు. ఆ ఆఫీసరు నీ ప్రదర్శనకి వస్తాడుగా, నేను అడుగుతాను. మీ అన్నయ్య ఎంత తొక్కినా సరే అడుగుతాను.

ఇక మనవాళ్లకి చెప్పాలి. నీ చేత్తో కూడా నాలుగు ముక్కలు రాయి, నా మాట ఎవరూ నమ్మేట్టు లేరు.

జానకమ్మ అక్కయ్యకి: గోడ పీకక్కర్లేదని, పేరు చెరిపితే చాలని. దేవుడి పక్కన తమ్ముడి పేరు రాసుకోవడానికి ఆవిడ ఒప్పుకుంటుందో లేదో తెలియదు, నువ్వే బతిమాలు.

లీలావతి పిన్నికి: ఇచ్చింది తిరిగి అడిగే వంశం కాదని. ఇచ్చిన మాట తిరిగి తీసుకునే వంశం కూడా కాదని.

గుడివాడ జనార్దనరావు బావకి: ప్రదర్శన తారీఖు. ఆయన రైలు టికెట్టు తీసుకుంటే మనింట్లో దిగమను, ఆవకాయ జాడీ తెమ్మను.

రాజమండ్రి సరోజిని వదినకి: ఆవిడకి పంపింది నేను మొదట్లో వేసిన మసి ముద్ద అని. అది పారేయమను. మరీ అడిగితే పోనీ ఉంచుకోమను.

ధర్మయ్యకి మాత్రం నువ్వు రాయకు. వాడు ఇప్పటికీ పెడనలో చెక్క పట్టుకునే బతుకుతున్నాడు. "అన్నయ్యా, చెక్కకి అడ్డంగా ఉలి పెట్టావా?" అని అడుగుతాడు. పెట్టానని వాడికి నేనే చెప్పాలి. మా అమ్మాయి పన్నెండంటే పన్నెండే అని చెప్పాలి.

మీ నాన్న
పాపయ్య